అరచేతిలో ఇమిడిన చక్రవర్తులు

1804 చివర్లో పారిస్‌లో ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. డిసెంబర్ 2న నోత్ర్ దామ్ చర్చిలో నెపోలియన్‌కి పట్టాభిషేకం. ఫ్రాన్స్‌లో అలాంటి వేడుక జరిగి అప్పటికి 29 ఏళ్లు. అది కూడా రాజుకి జరిగింది, చక్రవర్తికి కాదు. పోప్ ఎటు కూర్చోవాలి, ఎవరి వెనక ఎవరు నడవాలి, ఆయన భార్య జోసెఫీన్ వెనక నేలమీద జీరాడే బరువైన పైవస్త్రం అంచు ఎవరు పట్టుకోవాలి అన్నది ఎవరికీ సరిగ్గా తెలీదు. తంతులోని ముఖ్యమైన ఏడు ఘట్టాలకి బొమ్మలు గీసి తెమ్మని నెపోలియన్ ఒక చిత్రకారుడికి చెప్పాడట. ఒక్కో బొమ్మలో వంద మందికి పైగా మనుషులు. చేతిలో ఉన్నది కొద్ది రోజులు.

ఆ చిత్రకారుడు కాగితాలు పక్కన పెట్టి బజారుకి వెళ్లాడు. దుకాణాల్లో దొరికిన చిన్న బొమ్మలన్నీ కొని తెచ్చి, ఒక్కోదానికి కాగితంతో దుస్తులు కత్తిరించి, రంగు వేసి తొడిగాడు. నోత్ర్ దామ్ నేల పటం గీసి, దాని మీద ఆ బొమ్మల్ని నిలబెట్టాడు. చక్రవర్తి ఎదురుగా వాటిని ఒక్కొక్కటిగా జరిపి చూపించాడు. ఆ తరువాత వేడుకలో పాల్గొనే వాళ్లందరూ వచ్చి, తమ బొమ్మ ఎక్కడ ఉందో చూసుకుని, ఎవరి చోటు వాళ్లు నేర్చుకుని వెళ్లారని చెప్పుకుంటారు.

ఆయన పేరు జాన్ బాప్తీస్త్ ఇజాబే. అప్పటికి 37 ఏళ్లు. వృత్తి మినియేచర్ పోర్ట్రెయిట్లు వేయడం, అంటే అరచేతిలో పట్టే ఏనుగు దంతపు రేకుల మీద మనుషుల ముఖాలు దించడం.

ఇజాబే గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఒకే మాట దగ్గర ఆగిపోతారు: ఏ గాలి వీస్తే ఆ గాలికి తగ్గట్టు మళ్లిన మనిషి అని. ఆ మాటకి ఆధారం లేకపోలేదు. 16వ లూయీ కాలంలో మొదలుపెట్టి విప్లవం, డైరెక్టరీ అనే ఐదుగురి పాలన, నెపోలియన్, తిరిగొచ్చిన బూర్బోన్ రాజులు, లూయీ ఫిలిప్, రెండో రిపబ్లిక్, మూడో నెపోలియన్ దాకా అందరి హయాంలోనూ ఆయనకి పని దొరికింది. అయితే ఇంతమంది ప్రభువులకి ఒకే మనిషి ఎందుకు కావలసి వచ్చాడన్నదే అసలు ప్రశ్న. ఆయన గుణం ఎలాంటిదని తవ్వినందువల్ల దానికి జవాబు దొరకదు. ఆయన చేతిలోని వస్తువు ఎలాంటిదో చూడాలి. మినియేచర్ గోడకి తగిలించే బొమ్మ కాదు. చేతులు మారే బొమ్మ. దాన్ని ఎవరు ఎవరికి, ఎందుకు ఇస్తారో ఇజాబేకి తెలిసినంత బాగా ఆ కాలంలో మరొకరికి తెలీదు.

ముందు ఆ వస్తువు సంగతి.

మినియేచర్ అన్న మాటలో చిన్నది అనే అర్థం మొదట్లో లేదు. లాటిన్‌లో మినియం అంటే సిందూరం. మనం ఆంజనేయస్వామికి పూసే ఆ ఎర్రటి సీసపు పొడే. మధ్యయుగాల ఐరోపాలో చేతిరాత పుస్తకాల్లో మొదటి అక్షరాలని సిందూరంతో దిద్దేవాళ్లు. ఆ పనికే ఆ పేరు వచ్చింది. పుస్తకంలో బొమ్మలు ఎలాగూ చిన్నవిగానే ఉంటాయి, పైగా లాటిన్‌లో చిన్నది అనే మాట కూడా దగ్గరగానే వినిపిస్తుంది. అలా పోనుపోను రంగు అర్థం పోయి పరిమాణం అర్థం మిగిలింది. తెలుగువాళ్లకి మినియేచర్ అనగానే గోల్కొండ, బీజాపూర్ దక్కనీ చిత్రాలు గుర్తొస్తాయి. అవి కాగితం మీద వేసి, పుస్తకాల్లోనో ఆల్బమ్‌లలోనో దాచుకున్నవి. ఇజాబే వేసినవి వేరే జాతి. వాటిని లాకెట్లలో బిగించి మెడలో వేసుకునేవాళ్లు, ఉంగరంలో, కడియంలో, ముక్కుపొడుం డబ్బీ మూత మీద పెట్టించుకునేవాళ్లు.

ఐరోపాలో కూడా మొదట ఇవి తోలు కాగితం మీదే ఉండేవి. దాని స్థానంలో ఏనుగు దంతాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది వెనిస్‌కి చెందిన రొసాల్బా కరియేరా అనే చిత్రకారిణి. 1700 ప్రాంతంలో పొడుం డబ్బీల మూతల మీద వేస్తూ ఆమె ఈ పద్ధతి మొదలుపెట్టింది. 1720లో పారిస్ వచ్చినప్పుడు ఫ్రెంచి చిత్రకళా అకాడమీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకుంది. ఆ తరువాత ఫ్రాన్స్‌లో దంతం మీద బొమ్మలకి గిరాకీ పెరుగుతూ పోయింది.

దంతం మీద రంగు వేయడం ఎంత కష్టమో తెలిస్తే తప్ప ఈ కళ విలువ అర్థం కాదు. కింద గీసిన గీత పైకి కనిపించేంత పలచగా దంతాన్ని రేకులుగా కోస్తారు. దంతంలో సహజంగా కొంత జిడ్డు ఉంటుంది. మెత్తటి రాతిపొడితో రుద్ది ఆ జిడ్డు, ఆ నునుపు రెండూ తీసేయాలి. ఎండలో పెట్టి పసుపు ఛాయ తగ్గించాలి. తుమ్మ జాతి చెట్ల బంక కలిపిన నీటిరంగులు వాడాలి. ఇక్కడే ఉంది అసలు టెన్షన్. కాగితం రంగుని పీల్చుకుంటుంది, దంతం పీల్చుకోదు. రంగు పైపైనే నిలబడి ఉంటుంది. ఎండిన రంగు మీద తడి కుంచె కాస్త ఎక్కువసేపు ఆనితే కిందిది కూడా లేచి వచ్చేస్తుంది. అందుకని పెద్ద పూత వేయడానికి వీల్లేదు. కుంచె మొనతో, దాదాపు పొడిగా, చుక్క పక్కన చుక్క, గీత పక్కన సన్నటి గీత పెట్టుకుంటూ పోవాలి. చెంప మీది ఎరుపు కనీకనిపించనట్టు రావాలంటే భూతద్దం కింద వందల చుక్కలు కావాలి.

ఇంత కష్టానికి దంతం ఇచ్చే ప్రతిఫలం కూడా పెద్దదే. ముఖంలో వెలుగు పడే చోట తెల్లరంగు వేయనక్కర్లేదు. దంతాన్ని అలా వదిలేస్తే చాలు, అదే చర్మం అవుతుంది. పలచటి రంగు లోంచి కాంతి లోపలికి పోయి, దంతాన్ని తాకి, తిరిగి బయటికి వస్తుంది. కొందరు దంతం వెనక వెండి రేకు కూడా పెట్టేవాళ్లు, ఆ వెలుగు ఇంకా పెరగాలని. మనిషి ముఖంలో రక్తం ఆడుతున్నట్టు కనిపించడానికి కారణం అదే. నూనెరంగుల్లో ఈ మెరుపు తేవడం ఎంతటి వాడికైనా కష్టం.

ఈ కళకి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక బల్ల, మంచి వెలుతురు ఉన్న కిటికీ చాలు. పెద్ద చిత్రశాలల తలుపులు తమకి అంత సులువుగా తెరుచుకోని కాలంలో ఎందరో ఆడవాళ్లు ఈ దారిలో పైకి వచ్చారు. లియోన్‌లో పుట్టిన మరీ గాబ్రియేల్ కాపే, ఆమె గురువు అదెలాయిద్ లబీయ్ గియార్, తరువాతి తరంలో లిజింకా ద మిర్‌బెల్, అందరూ మినియేచర్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లే. పనిముట్లు ఒక పెట్టెలో సర్దుకుని ఎంత దూరమైనా పోవచ్చు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ స్మార్ట్ ఇలాగే 1785లో మద్రాసు చేరి, పదేళ్లు ఇక్కడే ఉండి ఆర్కాటు నవాబునీ కంపెనీ అధికారులనీ దంతం మీదికి దించాడు.

ఇజాబే పుట్టింది 1767 ఏప్రిల్ 11న, లొరేన్ ప్రాంతంలోని నాన్సీ పట్నంలో. ఊరు, సంవత్సరం రెండూ గుర్తుపెట్టుకోవలసినవే. లొరేన్ అంతకుముందు ఏడాది దాకా వేరే సంస్థానం. పోలండ్ గద్దె పోగొట్టుకున్న స్తానిస్వాఫ్ అక్కడ ప్రభువుగా ఉండి, సొంత ఆస్థానం, సొంత చిత్రకారులతో నడిపించాడు. 1766లో ఆయన పోయాక లొరేన్ ఫ్రాన్స్‌లో కలిసిపోయింది. ఆస్థానం పోయింది గానీ అక్కడి గురువులు మిగిలారు. స్తానిస్వాఫ్ దగ్గర పనిచేసిన జిరార్దే, ఆ తరువాత క్లోదో అనే ఆయన, ఇద్దరూ ఇజాబేకి చిన్నప్పుడు నేర్పించారు. కళ నేర్పేవాళ్లు ఊళ్లో ఉండి, కొనేవాళ్లు పారిస్‌లో ఉంటే ఏమవుతుందో అదే అయింది. లునేవీల్ నుంచి ఫ్రాన్స్వా ద్యుమోన్, సాన్ దియే నుంచి జాన్ బాప్తీస్త్ ఒగుస్తాన్, నాన్సీ నుంచి ఇజాబే. ఆ కాలపు ఫ్రెంచి మినియేచర్‌ని ఏలిన ముగ్గురూ లొరేన్ వాళ్లే. ఇది కాకతాళీయం అనుకోవడం కష్టం.

1785లో, 18 ఏళ్ల వయసులో ఇజాబే పారిస్ చేరాడు. పొట్టకూటికి పొడుం డబ్బీల మూతల మీద, కోట్ల గుండీల మీద బొమ్మలు వేశాడు. అప్పుడు మగవాళ్ల కోట్లకి పెద్ద పెద్ద గుండీల ఫ్యాషన్. ఒక్కో గుండీ మీద ఒక దృశ్యం. వేలెడంత చోటులో కథ చెప్పడం ఆయన ఇక్కడే నేర్చుకున్నాడు. రాణి మరీ ఆంత్వానెత్‌కి మినియేచర్లు వేసే ద్యుమోన్ దగ్గర కొంతకాలం, ఆ తరువాత జాక్ లూయీ డేవిడ్ దగ్గర శిష్యరికం చేశాడు. డేవిడ్ అంటే గోడంత బొమ్మలు వేసే మనిషి. ఆయన శిష్యుడు గుండీ అంత బొమ్మలు వేసి బతకడం చూడ్డానికి వింతగా ఉంటుంది. కానీ ముఖంలో ఎముక ఎక్కడుందో, మనిషి నిలబడితే బరువు ఏ కాలి మీద పడుతుందో డేవిడ్ నేర్పినట్టు ఇంకెవరూ నేర్పలేరు. ఇజాబే ముఖాలు ఎంత చిన్నవైనా లోపల పుర్రె ఉన్నట్టు గట్టిగా ఉంటాయి. చాలామంది మినియేచర్ చిత్రకారుల ముఖాలు చక్కెర బొమ్మల్లా ఉండటానికీ ఇవి అలా లేకపోవడానికీ కారణం ఆ శిక్షణే.

వెర్సాయ్‌లో ఆయనకి దొరికిన మొదటి మంచి పని, రాజుగారి తమ్ముడు ఆర్త్వా ప్రభువు ఇద్దరు కొడుకుల బొమ్మలు. అవి నచ్చి రాణి ఆయనకి పని ఇచ్చింది. ‘లొరేన్ కుర్రాడు’ అని పిలిచేదట. నాలుగేళ్లు తిరక్కుండానే విప్లవం వచ్చింది. కొనేవాళ్లు కొందరు దేశం వదిలిపోయారు, కొందరు జైలుకి పోయారు. రాజకుటుంబానికి బొమ్మలు వేసిన కుర్రాడి పని అయిపోవాలి. కానీ కొత్త ప్రభుత్వానికీ ముఖాలు కావాలి. నిన్నటిదాకా ఎవరికీ తెలియని వకీళ్లు ఇవాళ జాతీయ సభలో ప్రతినిధులు. వాళ్లెలా ఉంటారో జనం చూడాలనుకున్నారు. వాళ్ల ముఖాలు గీసి, రాగి రేకుల మీద చెక్కించి అచ్చువేయించే పనిలో ఇజాబే చేరాడు. రాజు పోయినా ముఖం అవసరం పోలేదు.

ఆ ఇబ్బంది రోజుల్లో జరిగిన ఒక సంగతి ఇజాబే ఎలాంటి మనిషో చెబుతుంది. డేవిడ్ దగ్గరే చదువుకున్న మిత్రుడు ఫ్రాన్స్వా జెరార్ వేసిన ‘బెలిసేరియస్’ అనే పెద్ద చిత్రాన్ని ఎవరూ కొనలేదు. జెరార్ చేతిలో డబ్బు లేదు. ఇజాబే తనే దాన్ని కొన్నాడు. తరువాత అంతకంటే ఎక్కువ ధరకి అమ్మి, వచ్చిన లాభం తెచ్చి జెరార్ చేతిలో పెట్టాడు. దానికి కృతజ్ఞతగా జెరార్ 1795లో వేసిన బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఇజాబే తన చిన్నారి కూతురు చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంటాడు, పక్కన కుక్క. దాదాపు రెండు మీటర్ల ఎత్తు. అరచేతిలో పట్టే ముఖాలు వేసిన మనిషి, తను మాత్రం నిలువెత్తున మిగిలాడు. స్నేహానికి ఇంతకంటే అందమైన రసీదు ఆ కాలపు ఫ్రెంచి చిత్రకళలో కనపడదు. గాలికి మళ్లే మనిషి అని తేల్చేసేవాళ్లు ఈ బొమ్మ ఎదుట కాసేపు నిలబడాలి.

నెపోలియన్ దాకా ఆయన్ని తీసుకెళ్లింది ఒక ఆడపిల్లల బడి. మరీ ఆంత్వానెత్ దగ్గర పనిచేసిన మదాం కాంపాన్ 1794లో పారిస్ పక్కన సాన్ జెర్మాన్ ఆన్ లేలో ఆ బడి పెట్టింది. అక్కడ బొమ్మలు గీయడం నేర్పే మాస్టారు ఇజాబే. విద్యార్థినుల్లో ఒకరు ఒర్తాన్స్, జోసెఫీన్ కూతురు. 1796లో జోసెఫీన్ నెపోలియన్ బోనపార్ట్‌ని పెళ్లాడింది. ఇక ఆ ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. మాల్మెజోన్‌లో వాళ్ల ఇల్లు, తోట ఆయనకి తెలిసిన చోట్లు అయిపోయాయి. 1802లో ఆయన గీసిన బోనపార్ట్ బొమ్మ మాల్మెజోన్ తోటలోనిది. వెనక ఇల్లు, ముందు ఒంటరిగా ఆ మనిషి, చెయ్యి కోటు లోపల పెట్టుకుని. నెపోలియన్ బొమ్మ కోసం కుదురుగా కూర్చునే మనిషి కాదు. నడుస్తుండగా, మాట్లాడుతుండగా చూసి పట్టుకోవాలి. అచ్చులో ఊరూరా తిరిగిన ఈ బొమ్మలో కిరీటం లేదు, గుర్రం లేదు. అయినా అధికారం మొత్తం ఆ నిలబడటంలోనే ఉంది. ఇజాబే వేసిన నెపోలియన్‌లు అన్నిటిలోకీ ఇదే మేలైనది.

పట్టాభిషేకం తరువాత ఆయనకి వచ్చిన పదవుల జాబితా పెద్దదే. చక్రవర్తి కార్యాలయానికీ వేడుకలకీ విదేశీ వ్యవహారాలకీ చిత్రకారుడు. జోసెఫీన్‌కి ప్రథమ చిత్రకారుడు. ఆమె తరువాత చక్రవర్తికి భార్యగా వచ్చిన మరీ లూయీజ్‌కి బొమ్మలు నేర్పే గురువు. వీటిలో ‘విదేశీ వ్యవహారాలు’ అన్న మాట దగ్గర ఆగాలి. బొమ్మలు వేసే మనిషికి విదేశాంగంలో ఏం పని?

పని పొడుం డబ్బీలది. సంధి కుదిర్చిన రాయబారికో, సాయం చేసిన మంత్రికో, పెళ్లి మాట నడిపిన పెద్దమనిషికో డబ్బు చేతిలో పెడితే అవమానం. బంగారు డబ్బీ ఇస్తే గౌరవం. మూత మీద చక్రవర్తి ముఖం, చుట్టూ వజ్రాలు. పుచ్చుకునే మనిషి స్థాయిని బట్టి వజ్రాల పరిమాణం. డబ్బు అవసరమైతే ఆ వజ్రాలని నగల వర్తకుడికి తిరిగి అమ్ముకున్నా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. అంటే ఇది మర్యాద ముసుగు వేసుకున్న చెల్లింపు. ఐరోపా రాజులందరూ ఎప్పట్నుంచో చేస్తున్న పనే, కానీ నెపోలియన్ అవసరం వేరు. మిగతా రాజుల ముఖాలు వంశం పేరుతో చలామణీ అవుతాయి. ఇతనికి వంశం లేదు. నిన్నటి సైనికాధికారి ముఖం ఇవాళ చక్రవర్తి ముఖమని వియన్నాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, మ్యూనిక్‌లో ఒప్పుకోవాలంటే ఆ ముఖం అక్కడికి చేరాలి. గోడంత చిత్రాన్ని రాయబారి జేబులో పెట్టుకుని పోలేడు కదా.

అందుకే ఈ బొమ్మలు కుప్పలుగా కావలసి వచ్చాయి. ఇజాబే ఒక నమూనా తయారుచేస్తాడు. తనూ, తన దగ్గర నేర్చుకున్న దానియేల్ సాన్ లాంటివాళ్లూ, పోటీదారు ఒగుస్తాన్ వర్గం వాళ్లూ వేస్తూనే ఉంటారు. దాచకుండా చెప్పాలంటే ఈ డబ్బీల మీది ముఖాలన్నీ గొప్పవి కావు. చాలావాటిలో చెయ్యి ఉంది, కన్ను లేదు. నాణెం మీది ముఖంలా ఉంటాయి. కావలసింది కూడా అదేనేమో. నాణెం మీది ముఖంలో నాణ్యత వెతకరు, గుర్తుపట్టగలిగితే చాలు.

పెద్ద పనులూ ఆయన చిన్న పద్ధతిలోనే చేశాడు. 1805 యుద్ధ విజయానికి గుర్తుగా సెవ్ర్ కార్ఖానాలో నెపోలియన్ ఒక పింగాణీ బల్ల చేయించాడు. మధ్యలో తను, చుట్టూ కిరణాల్లా 13 మంది మార్షల్స్ అనే పెద్ద సేనాపతుల, ముఖ్య అధికారుల ముఖాలు. అవి వేసింది ఇజాబే. పింగాణీ మీద వేసిన రంగు కొలిమిలో కాలి బయటికి వచ్చాక గానీ అసలు రంగేమిటో తెలీదు. 1806లో చెప్పిన పని 1810కి పూర్తయింది. ఇప్పుడది మాల్మెజోన్‌లో ఉంది. బల్ల ఎంత పెద్దదైనా దగ్గరికి వెళ్లి చూస్తే అది పద్నాలుగు లాకెట్లు పక్కపక్కన పరిచినట్టే ఉంటుంది.

1814లో నెపోలియన్ పడిపోయాడు. గెలిచిన దేశాలు ఐరోపా పటం మళ్లీ గీయడానికి వియన్నాలో సమావేశమయ్యాయి. ఓడిన ఫ్రాన్స్ తరఫున వెళ్లిన తాలీరాన్‌తో పాటు ఇజాబే కూడా వియన్నా చేరాడు. ఆస్ట్రియా రాజకుటుంబానికి రెండేళ్ల కింద బొమ్మలు వేసిన మనిషి కాబట్టి ఆ ఊరు కొత్త కాదు. ఆయన బస ఆ చలికాలంలో ఐరోపా పెద్దలందరూ వచ్చిపోయే చోటు అయింది. పొద్దున్న ఒక రాజు, మధ్యాహ్నం ఒక మంత్రి భార్య. ఓడిన దేశపు చిత్రకారుడి ముందు గెలిచిన వాళ్లు క్యూ కట్టి కూర్చున్నారు.

అక్కడ ఆయన గీసిన వియన్నా కాంగ్రెస్ బొమ్మ, మినియేచర్ చిత్రకారుడి బుర్ర ఎలా పనిచేస్తుందో చూపించే అసలైన సాక్ష్యం. బొమ్మలో 23 మంది ప్రతినిధులు. ఎవరి ముఖం కనపడకపోయినా గొడవే, ఎవరు మధ్యలో ఉన్నా గొడవే. వీళ్లందరూ ఒకే గదిలో ఇలా కొలువుదీరిన క్షణం ఎప్పుడూ లేదు. ఇజాబే ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ముఖం గీసుకుని, ఆ తరువాత బొమ్మలో నిలబెట్టాడు. పదేళ్ల కింద నోత్ర్ దామ్ పటం మీద కాగితం బొమ్మల్ని జరిపినట్టే. ఇంగ్లండ్ మంత్రి కాసల్‌రే మధ్యలో కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని ఉంటాడు. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ కుర్చీ ముందు లేచి నిలబడి చేత్తో చూపిస్తుంటాడు. కుడివైపు బల్ల మీద చెయ్యి ఆనించి తాలీరాన్ నిమ్మళంగా కూర్చుని ఉంటాడు.

చిక్కు 1815 ఫిబ్రవరిలో వచ్చింది. కాసల్‌రే స్థానంలో ఇంగ్లండ్ సేనాపతి వెల్లింగ్టన్ వియన్నా వచ్చాడు. బొమ్మలో ఎవరి చోటు వాళ్లకి కుదిరిపోయింది. అంత పెద్ద సేనాపతిని వెనక వరసలో ఇరికిస్తే మర్యాద కాదు, మధ్యలోకి తెస్తే మిగతావాళ్లు ఊరుకోరు. ఇజాబే ఆయన్ని ఎడమ అంచున, అప్పుడే గదిలోకి వస్తున్నట్టు నిలబెట్టాడు. మెటర్నిక్ లేచి నిలబడింది ఆయన కోసమే అన్నట్టు కనిపిస్తుంది. ఆలస్యంగా వచ్చిన మనిషి రాక ఒక్కసారిగా బొమ్మకి కథ అయిపోయింది. అంతా అయ్యాక మార్చాల్సి వచ్చినప్పుడు ఇలాంటి ఉపాయం తట్టడం మామూలు విషయం కాదు.

ప్రష్యా ప్రతినిధి విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. నా అందవికారపు ముఖానికి పైసా ఖర్చు పెట్టనని ఆయన బొమ్మ వేయించుకోవడం మానేశాడట. డబ్బేమీ వద్దు, మీరు కాసేపు కూర్చుంటే చాలన్నాడట ఇజాబే. బొమ్మ పూర్తయ్యాక అందరూ అచ్చం మీలాగే ఉందంటే, డబ్బివ్వలేదని పగబట్టి ఉన్నదున్నట్టు గీశాడని హుంబోల్ట్ నవ్వాడట. జరిగిందో లేదో గానీ, ఆ ముచ్చట పుట్టిన గది ఎలా ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఆ బొమ్మ ఇంగ్లండ్ రాజవంశపు సేకరణకి చేరింది. గోద్‌ఫ్రువా చెక్కిన అచ్చు ప్రతి 1819లో వచ్చింది. ఇవాళ వియన్నా కాంగ్రెస్ అనగానే చరిత్ర పుస్తకాల్లో కనిపించేది అదే. ఎప్పుడూ జరగని ఒక క్షణం ఆ సమావేశానికి శాశ్వతమైన ముఖం అయింది.

ఇదే కాలంలో ఆయన దంతం నుంచి నెమ్మదిగా కాగితం వైపు జరిగాడు. దంతపు రేకు వెడల్పుకి హద్దు ఉంది, కాగితానికి లేదు. బల్ల మీద నిలబెట్టుకునేంత సైజులో, నీటిరంగుల్లో ఆడవాళ్ల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. తల చుట్టూ పలచటి మేలిముసుగు గాలికి లేచినట్టు, లోపల పూలు, వెనక మబ్బు. ఈ ముసుగుల బొమ్మలు ఆయనకి తెగ డబ్బు తెచ్చాయి. మొదట్లో వేసినవి నిజంగా అందమైనవి. కాగితం తెలుపునే ముసుగుగా వాడుకోవడం, దంతాన్ని చర్మంగా వాడుకున్న చేతికే సాధ్యం. రానురాను అది అలవాటైపోయింది. ఏ దొరసాని వచ్చినా అదే ముసుగు, అదే పూలు, అదే మెడ వంపు. ముఖం మనిషిది, మిగతాదంతా ఇజాబేది. పక్కన ఒగుస్తాన్ బొమ్మ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒగుస్తాన్ ప్రతి గుండీని, ప్రతి ముడతని ఎనామెల్ పూసినంత గట్టిగా తేలుస్తాడు. ఇజాబే చేతిలో ఉన్న తేలికదనం ఒగుస్తాన్‌కి లేదు, ఒగుస్తాన్‌కి ఉన్న ఓపిక చివరి ఇజాబేలో లేదు.

మిగిలిన నలభై ఏళ్ల కథ త్వరగా చెప్పేయవచ్చు. 18వ లూయీ ఆయన్ని దూరం పెట్టలేదు. ఆ తరువాత 10వ చార్లెస్‌గా గద్దెనెక్కింది ఎవరో కాదు, కుర్రతనంలో ఎవరి కొడుకుల బొమ్మలు వేసి ఇజాబే వెర్సాయ్‌లో అడుగుపెట్టాడో ఆ ఆర్త్వా ప్రభువే. లూయీ ఫిలిప్ కాలంలో రాజ మ్యూజియంలలో ఉద్యోగం. 1853లో మూడో నెపోలియన్ ఫ్రాన్స్ గౌరవ పురస్కారమైన లీజియన్ ఆఫ్ ఆనర్‌లో కమాండర్ హోదా ఇచ్చాడు. ఆ చక్రవర్తి తల్లి మరెవరో కాదు, సాన్ జెర్మాన్ బడిలో ఇజాబే దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఒర్తాన్స్. కొడుకు ఎజెన్ ఇజాబే సముద్రపు చిత్రాలతో తండ్రికి తీసిపోని పేరు తెచ్చుకున్నాడు. అలలు, తుపాన్లు, ఓడలు. తండ్రి పనికి పూర్తిగా అటువైపు.

కొడుకు అటు పోవడం తెలివైన పనే అయింది. 1839 ఆగస్టు 19న పారిస్‌లో దగేర్ అనే ఆయన ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. వెండిపూత వేసిన రాగి రేకు మీద సూర్యకాంతి తనే ముఖాన్ని దించేస్తుంది. మొదట్లో వచ్చిన ఆ ఫోటోలు చూస్తే ఒక్క క్షణం మినియేచర్లే అనిపిస్తాయి. అదే అరచేతి సైజు, అదే మఖమల్ పరిచిన పెట్టె, అదే ఇత్తడి చట్రం. కొత్త వస్తువు పాత వస్తువు బట్టలే తొడుక్కుని వచ్చింది. మినియేచర్ వేసేవాళ్లు చాలామంది ఫోటోలకి రంగులద్దే పనిలోకి మారారు, కొందరు తామే కెమెరా పట్టారు. తన తరంలో అందరికంటే పేరున్న లిజింకా ద మిర్‌బెల్ 1849లో కలరాతో పోయింది. ఒగుస్తాన్ అంతకుముందే 1832 కలరాలో పోయాడు. కొత్తగా ఈ విద్య నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు.

ఫోటో వచ్చాక మినియేచర్ ఎందుకు నిలబడలేదన్నదానికి ధర ఒక కారణం, వేగం ఇంకో కారణం. కానీ మూల కారణం మళ్లీ అదే. ఇజాబే కళ నిలబడింది పోలిక మీద ఒక్కటే కాదు, చేతులు మారడం మీద. ముఖాన్ని జేబులో పెట్టి పంపగలిగే వస్తువు లోకంలో ఇదొక్కటే ఉన్నంత కాలం రాజులూ ప్రేమికులూ యుద్ధానికి పోయే సైనికుల తల్లులూ దీని దగ్గరికే వచ్చారు. 1854 చివర్లో దిస్‌దేరి అనే పారిస్ ఫోటోగ్రాఫర్ ఒకే గాజు రేకు మీద చాలా ఫోటోలు తీసి, విజిటింగ్ కార్డు సైజులో కత్తిరించి అమ్మే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. కొద్ది ఏళ్లలో ఆ కార్డులు ఇంటింటి ఆల్బమ్‌లలోకి చేరాయి. చక్రవర్తి ముఖం కూడా దుకాణంలో చిల్లర డబ్బులకి దొరికే రోజు వచ్చింది. దాన్ని వజ్రాల మధ్య పెట్టి రాయబారికి ఇచ్చే అవసరం ఇక లేదు.

ఆ పేటెంట్ వచ్చిన కొద్ది నెలలకి, 1855 ఏప్రిల్ 18న ఇజాబే పారిస్‌లో కన్నుమూశాడు. 88 ఏళ్లు నిండి ఒక వారం.

ఆయన దంతపు బొమ్మలు ఇప్పుడు లూవ్ర్‌లో, లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో, ఇంకా ఎన్నో సేకరణల్లో ఉన్నాయి. వెలుతురు పడితే ఆ నీటిరంగులు వెలిసిపోతాయి. ముందు పోయేది చెంపల ఎరుపే. గాలిలో తేమ మారితే పలచటి దంతం వంకరపోయి చీలుతుంది. అందుకని మసక వెలుతురులో పెడతారు. కొన్ని మ్యూజియంలలో అద్దాల పెట్టె మీద తోలు మూత కప్పి ఉంటుంది. చూడాలనుకున్నవాళ్లు చేత్తో మూత ఎత్తి, వంగి, ముఖం దగ్గరగా పెట్టి చూసి, మళ్లీ కప్పేసి వెళ్లాలి.